సివిలైజేషన్ 6లో మొదటి 50 టర్న్‌లు: సమస్య - పరిష్కారం

చెరువు కింద ఆఖరి మడికి నీళ్ళు అందలేదంటే ఆ మడి గట్టున నిలబడి లాభం లేదు. పైకి పోయి తూము చూడాలి, కాలువలో ఎక్కడ గండి పడ్డదో చూడాలి. సివిలైజేషన్ 6 (ఊళ్ళు కట్టి రాజ్యాన్ని పెంచే కంప్యూటర్ ఆట; ఇందులో ఒక్కో వంతును టర్న్ అంటారు) ఆరంభం కూడా ఇంతే. దెబ్బ 40వ టర్న్‌లో కనబడుతుంది, తప్పు మాత్రం 5వ టర్న్‌లోనో 12వ టర్న్‌లోనో జరిగిపోయి ఉంటుంది. అందుకే కింద ప్రతి ఫిర్యాదునూ వెనక్కి తవ్వుకుంటూ పోయాం. హనుమకొండ, కాజీపేట హాస్టల్ గదుల్లో ఒకే ల్యాప్‌టాప్ మీద వంతులవారీగా (హాట్‌సీట్) ఆడేవాళ్ళ నోట వినబడే మాటలనే శీర్షికలుగా పెట్టాం.

అంకెలన్నీ గాదరింగ్ స్టార్మ్ అనే ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) ఉన్న ఆటవి, స్టాండర్డ్ స్పీడ్‌వి. ఆన్‌లైన్ స్పీడ్ పెట్టుకుంటే ఖర్చులు సగానికి సగం అనుకోండి. 1, 10, 25, 40 టర్న్‌ల దగ్గర పేరు పెట్టి సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకోండి. ఆటోసేవ్‌లను నమ్ముకుంటే పాతవి చెరిగిపోతాయి, తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేరు. ఇంకో మాట: ఇక్కడ సెట్లర్ అంటే ఆటలో కొత్త ఊరు కట్టే యూనిట్ మాత్రమే. మన దగ్గర ఆ మాటకున్న ఇంకో అర్థాన్ని కాసేపు పక్కన పెట్టండి.

“30 టర్న్‌లు దాటినయ్, రెండో ఊరు ఇంకా పడలె”

ఎక్కువమందిని ముంచేది ఇదే. 10వ టర్న్ సేవ్ తెరిచి మూడు చూడండి: రాజధాని ఏ టర్న్‌లో కట్టారు, ఏ నేల మీద కట్టారు, మొదటి పౌరుడు ఏ టైల్ (పటంలోని గడి) మీద పనిచేస్తున్నాడు.

ముందు నేల సంగతి. ఎక్కడ కట్టినా ఊరి నడిబొడ్డు టైల్ కనీసం 2 ఫుడ్ (జనాభాను పెంచేది), 1 ప్రొడక్షన్ (యూనిట్లు, కట్టడాలు తయారుచేసేది) ఇస్తుంది. ప్లెయిన్స్ (మైదానం) గుట్ట మీద కడితే 2 ఫుడ్, 2 ప్రొడక్షన్. పచ్చిక గుట్ట మీద కడితే రక్షణకు పనికొస్తుంది తప్ప ఆదాయం చదును నేలకంటే పైసా ఎక్కువ రాదు. చాలామంది “గుట్ట కదా” అని అక్కడే పొరపడతారు. రాజధానిలో ఉండే ప్యాలెస్ ఇచ్చే 2 ప్రొడక్షన్ కలిపితే, పౌరుడు ఏమీ చేయకముందే ప్లెయిన్స్ గుట్ట రాజధానికి 4, మిగతావాటికి 3.

ఇప్పుడు పౌరుడు. జనాభా 1 నుంచి 2 కావడానికి 15 ఫుడ్ కావాలి, ఒక్కో పౌరుడు టర్న్‌కు 2 తింటాడు. పక్కన వరి ఉన్న పచ్చిక టైల్ (3 ఫుడ్), అడవి ఉన్న ప్లెయిన్స్ గుట్ట (1 ఫుడ్, 3 ప్రొడక్షన్) ఉన్నాయనుకుందాం. ప్రొడక్షన్ ఆశకు అడవి మీద పెడితే టర్న్‌కు మిగిలేది 1 ఫుడ్, రెండో మనిషి పుట్టడానికి 15 టర్న్‌లు. జనాభా 2 లేనిదే సెట్లర్‌ను మొదలుపెట్టనివ్వదు కాబట్టి అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. వరి మీద పెడితే మిగులు 3, అయిదు టర్న్‌లలో రెండో మనిషి. అతన్ని అప్పుడు అడవి గుట్ట మీదకు పంపాలి.

లెక్క కట్టి చూద్దాం. ప్లెయిన్స్ గుట్ట రాజధాని, మొదటి 5 టర్న్‌లు వరి: టర్న్‌కు 4 చొప్పున 20 ప్రొడక్షన్. తర్వాత టర్న్‌కు 7. స్కౌట్ (పటం తెరిచే యూనిట్, ధర 30 ప్రొడక్షన్) 7వ టర్న్‌కు, స్లింగర్ (ఒడిసెల విసిరేవాడు, 35) 12వ టర్న్‌కు, మొదటి సెట్లర్ (80) 23వ టర్న్‌కు చేతికొస్తాయి. ఇదే వరుస చదును నేల మీద అయితే సెట్లర్ 27కి పోతుంది. అంటే మంచి గుట్ట విలువ సుమారు నాలుగు టర్న్‌లు. దాని కోసం రెండు టర్న్‌లు నడిస్తే లాభం, మూడైతే అనుమానం. అయిదారు టర్న్‌లు పటమంతా తిరిగి “మంచి జాగ” వెతకడం నష్టం. నది, గుట్ట రెండూ ఒకేచోట దొరికితే వెతుకులాట ఆపేసి అక్కడే కట్టండి.

పౌరులను టైల్ మీద పెట్టడం ఆటకే వదిలేస్తే అది తన ఇష్టం వచ్చినట్టు మారుస్తుంది. నగరం ప్యానెల్‌లో పౌరుల బొమ్మ నొక్కి, కావలసిన టైల్ మీద క్లిక్ చేస్తే తాళం పడుతుంది. జనాభా పెరిగిన ప్రతిసారీ ఒకసారి చూసుకోండి.

మొదటి సెట్లర్‌కు ముందు మాన్యుమెంట్ (కల్చర్ ఇచ్చే కట్టడం, 60) పెట్టారా? అది ఇంకో ఎనిమిది తొమ్మిది టర్న్‌ల ఆలస్యం. రాజధానిలో సెట్లర్ తర్వాత కట్టండి, రెండో ఊళ్ళో మాత్రం మొదటి పని అదే. ఆ తర్వాతి సెట్లర్ల ధర ఒక్కోదానికీ పెరుగుతూ పోతుంది కాబట్టి, ఎర్లీ ఎంపైర్ సివిక్ (కల్చర్‌తో నేర్చుకునే విద్య) రాగానే కాలనైజేషన్ పాలసీ పెట్టి (సెట్లర్లకు 50 శాతం అదనపు ప్రొడక్షన్) రెండు మూడు వరసగా తీయండి. మొదటి సెట్లర్‌ను మాత్రం ఆ పాలసీ కోసం ఆపొద్దు. చేతిలో 320 బంగారం ఉంటే మొదటిదాన్ని కొనేయొచ్చు కూడా, కానీ అంత బంగారం అప్పటికి ఉండడం అరుదు.

“20వ టర్న్‌కే బార్బేరియన్లు మీద పడ్డరు, ఆగమాగం అయింది”

బార్బేరియన్లంటే ఏ రాజ్యానికీ చెందని, శిబిరాల నుంచి వచ్చే దండులు. వాళ్ళు ఊరికే రారు. ముందు వాళ్ళ స్కౌట్ వచ్చి మీ ఊరిని చూస్తుంది. చూసిందంటే దాని తలమీద ఎర్రటి ఆశ్చర్యార్థకం గుర్తు పడుతుంది. అది తిరిగి తన శిబిరం చేరాకే అక్కడ దండు తయారవుతుంది. కాబట్టి 10వ టర్న్ సేవ్‌లో చూడాల్సింది దండును కాదు, 8 నుంచి 15 టర్న్‌ల మధ్య మీ వారియర్ (మొదటి కాలి సైనికుడు) ఎక్కడున్నాడో. పది టైల్‌ల అవతల పటం తెరుస్తూ ఉన్నాడంటే కారణం దొరికినట్టే.

పటం తెరవడం స్కౌట్ పని. వారియర్ రాజధాని చుట్టూ మూడు నాలుగు టైల్‌ల వలయంలో, ఏదైనా గుట్ట మీద ఉండాలి. మీ చూపు పడుతున్న టైల్‌లో కొత్త శిబిరం పుట్టదు, అందుకే గుట్ట మీద కూర్చున్న ఒక్క యూనిట్ కాపలా పనే చేస్తుంది.

బార్బేరియన్ స్కౌట్ కనబడితే వెంట పడొద్దు. దానికి 3 అడుగులు, మీవాడికి 2. అది వచ్చిన దిక్కు గుర్తుపెట్టుకుని, తిరిగిపోయే దారికి అడ్డంగా నిలబడాలి. వారియర్‌తో (బలం 20) కొట్టి మెత్తబరచండి, కానీ చివరి దెబ్బ స్లింగర్‌కు వదలండి. స్లింగర్‌తో ఒక యూనిట్‌ను చంపితే ఆర్చరీకి యురేకా, ఆ టెక్నాలజీ ఖర్చులో 40 శాతం మాఫీ.

శిబిరంలో సాధారణంగా స్పియర్‌మన్ ఉంటాడు, బలం 25. ఒంటరి వారియర్‌ను వాడి మీదకు తోలితే మిగిలేది బూడిదే. కోడ్ ఆఫ్ లాస్ సివిక్ అయిపోగానే డిసిప్లిన్ పాలసీ పెట్టండి, బార్బేరియన్ల మీద 5 బలం కలుస్తుంది. ఒక వారియర్, ఇద్దరు స్లింగర్లు ఉంటే శిబిరం పోతుంది. బంగారం వస్తుంది, మిలిటరీ ట్రెడిషన్‌కు ప్రేరణ (యురేకా లాంటిదే, సివిక్ ఖర్చులో మాఫీ) వస్తుంది. ముగ్గురు బార్బేరియన్లను చంపితే బ్రాంజ్ వర్కింగ్ యురేకా కూడా. దగ్గర్లో గుర్రాలున్న శిబిరం మాత్రం గుర్రపు దండును పంపుతుంది, అక్కడ పైలం. దానికి మందు స్పియర్‌మన్, ఆ బ్రాంజ్ వర్కింగ్‌తోనే వస్తాడు.

దండు ఇప్పటికే ఊరి చుట్టూ ఉంటే? ఈ ఆటలో గోడలు కట్టనిదే ఊరు తనంతట తాను బాణం వేయదు. వారియర్‌ను ఊళ్ళోనే ఫోర్టిఫై చేయండి (కదలకుండా కాపుగా నిలపండి). బిల్డర్‌ను (పొలాలు, గనులు వేసే యూనిట్), సెట్లర్‌ను గేటు దాటనివ్వొద్దు. ఒంటరిగా దొరికితే ఎత్తుకుపోతారు. సెట్లర్ ఎప్పుడు కదిలినా ఒక యూనిట్‌తో జోడీ కట్టి, ఒకే టైల్‌లో నడిపించండి.

“ఊరు నాలుగు జనాభా కాడనే ఆగింది”

కారణం హౌసింగ్, అంటే ఊళ్ళో ఎంతమందికి చోటుందన్న లెక్క. నది, సరస్సు, ఒయాసిస్ పక్కన కట్టిన ఊరికి 5, సముద్రం ఒడ్డున 3, నీళ్ళే లేకుంటే 2. రాజధానికి ప్యాలెస్ వల్ల ఇంకొకటి. జనాభా హౌసింగ్‌కు ఒక్క మెట్టు దూరానికి రాగానే పెరుగుదల సగమవుతుంది, సమానమైతే పావు వంతు. అంటే నది ఊరు నాలుగు దగ్గర నెమ్మదిస్తుంది, నీళ్ళు లేని ఊరు పుట్టిన రోజునే సగం వేగంతో మొదలవుతుంది. సెట్లర్‌ను ఎంచుకున్నప్పుడు ముదురు ఆకుపచ్చగా కనిపించే టైల్‌లు మంచినీళ్ళవి.

కట్టేశారు, ఇప్పుడేం చేయాలి? గ్రేనరీ (65 ప్రొడక్షన్, పాటరీ టెక్నాలజీ) 2 హౌసింగ్ ఇస్తుంది. పొలాలు, పశువుల దొడ్లు ఒక్కోటి అర. పాకాల, రామప్ప, లక్నవరం కట్టిన కాకతీయుల లాగా నీళ్ళు లేని చోటికి నీళ్ళు తేవాలంటే అక్విడక్ట్ (నీటి కాలువ) ఉంది, నీళ్ళు లేని ఊరిని ఏకంగా 6కు చేరుస్తుంది. కానీ అది ఇంజినీరింగ్ వచ్చాకే. ఊరికి ఆనుకుని ఉన్న టైల్‌లో, అవతలి పక్క నదో సరస్సో కొండో తగిలేలా కట్టాలి. రేపటికి ఆ టైల్‌ను ఇవాళే వదిలిపెట్టుకోండి. భారత్ తరఫున ఆడేవాళ్ళకు మెట్లబావి ఉంది, ఫుడ్, హౌసింగ్ రెండూ ఇస్తుంది. గుట్ట మీద కట్టలేరు, రెండు బావులు పక్కపక్కన కట్టలేరు.

“పక్కోడు ప్రభుత్వం మార్చిండు, నాది ఇంకా చీఫ్‌డమే”

చీఫ్‌డమ్ మొదటి ప్రభుత్వం. అది మారాలంటే సివిక్‌లు కావాలి, సివిక్‌లకు కల్చర్ కావాలి. ఒక్క మనిషున్న రాజధానికి కల్చర్ టర్న్‌కు 1.3: ప్యాలెస్ 1, పౌరుడు 0.3. కోడ్ ఆఫ్ లాస్‌కు 20 కావాలి, ఎంత తిప్పలు పడ్డా 14వ టర్న్ ప్రాంతానికే వస్తుంది. అక్కడ ఎవరూ వెనకబడరు. వెనకబడేది ఆ తర్వాత, ప్రేరణలు అందుకోకుండా సివిక్‌లను పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ళు.

మందు మొదటి బిల్డర్ (50) చేతిలో ఉంది. వాడికి మూడు పనులే. మూడు టైల్‌లు బాగుచేస్తే క్రాఫ్ట్స్‌మన్‌షిప్‌కు ప్రేరణ, కాబట్టి ఆ మూడింటిలో ఒక్కటీ అడవి నరకడానికి ఖర్చు చేయొద్దు. ఆ మూడు ఏవన్నది కూడా తూచి ఎంచుకోండి: రాయి మీద క్వారీ మేసనరీకి యురేకా, వనరు మీద పొలం ఇరిగేషన్‌కు, వనరు మీద గని వీల్‌కు, పశువుల దొడ్డి హార్స్‌బ్యాక్ రైడింగ్‌కు. వరి మీద పొలం, రాయి మీద క్వారీ, పశువుల మీద దొడ్డి వేస్తే ఒక్క బిల్డర్‌తో నాలుగు బహుమతులు. వనరు లేని ఖాళీ పచ్చికలో మూడు పొలాలు వేస్తే ఒకటే.

ఫారిన్ ట్రేడ్‌కు రెండో ఖండం కనుక్కోవాలి, ఎర్లీ ఎంపైర్‌కు మొత్తం జనాభా 6, స్టేట్ వర్క్‌ఫోర్స్‌కు ఏదో ఒక డిస్ట్రిక్ట్ (ఊరి బయట ఒక టైల్‌లో కట్టే ప్రత్యేక పేట), పొలిటికల్ ఫిలాసఫీకి మూడు సిటీ స్టేట్‌లను (ఒక్క ఊరే ఉండే చిన్న రాజ్యాలను) కలవాలి. ఆ చివరిది స్కౌట్ పని. స్కౌట్ లేని ఆరంభం ఇక్కడే కుంటుతుంది. ప్రేరణ దగ్గర్లోనే ఉందనిపిస్తే ఆ సివిక్‌ను 60 శాతం దాకా చదివి, ఇంకోదానికి మారండి. ప్రేరణ రాగానే అదే నిండుతుంది.

“స్టోన్‌హెంజ్ ఇంకో మూడు టర్న్‌లయితే అయిపోవు”

స్టోన్‌హెంజ్ ఒక వండర్, అంటే ప్రపంచంలో ఒక్కరే కట్టగల అద్భుత కట్టడం. ధర 180 ప్రొడక్షన్. మొదటి సెట్లర్ 80. వేరే వివరణ అక్కర్లేదు. మొదటి 50 టర్న్‌లలో వండర్ జోలికి పోవద్దు, ముఖ్యంగా పై కష్టస్థాయిల్లో.

“క్యాంపస్ ధర చూస్తే కళ్ళు తిరుగుతున్నయ్”

డిస్ట్రిక్ట్ ధర మీరు నేర్చుకున్న టెక్నాలజీలు, సివిక్‌లతో పాటు పెరుగుతుంది. నేల మీద పెట్టిన క్షణంలో ఆగిపోతుంది. కాబట్టి రైటింగ్ రాగానే కొండల పక్కన క్యాంపస్ (సైన్స్ ఇచ్చే డిస్ట్రిక్ట్) పెట్టేయండి, వెంటనే ఆపి సెట్లర్‌కు మారండి. ధర అక్కడే ఉంటుంది. పెట్టే టైల్‌లో అడవి ఉంటే, మైనింగ్ టెక్నాలజీ వచ్చాక బిల్డర్‌తో ముందు నరికించండి. నరకకుండా పెడితే ఆ కలప ప్రొడక్షన్ గాలికి పోతుంది.

“మూడో ఊరు పక్కోడి వైపు తిరిగింది”

కారణం లాయల్టీ, అంటే ఊరికి మీ మీదున్న విధేయత. తొమ్మిది టైల్‌ల లోపల ఉన్న పరాయి జనాభా అంతా మీ ఊరిని లాగుతుంది, దగ్గరైతే ఎక్కువ. సెట్లర్‌ను ఎంచుకున్నప్పుడు టైల్ మీద టర్న్‌కు ఎంత పోతుందో చూపిస్తుంది. ఆ అంకె చూడకుండా కట్టడమే తప్పు. ఒడిదుడుకుల్లో పడ్డ ఊరికి గవర్నర్‌ను పంపితే టర్న్‌కు 8 కలుస్తుంది. ఊరు కట్టడానికి ముందే లెక్కేసుకోండి.

“డీటీ పెట్టినం, 25వ టర్న్‌కే యుద్ధం”

డీటీ అంటే అన్నిటికంటే కష్టమైన స్థాయి. ఆ స్థాయిలో కంప్యూటర్ మూడు సెట్లర్లతో మొదలుపెడుతుంది, దాని యూనిట్‌లకు 4 బలం అదనం. పొరుగువాడు కలిసిన టర్న్‌లోనే 25 బంగారంతో దూత బృందాన్ని పంపండి, తర్వాతి టర్న్‌కు చాలాసార్లు తిరస్కరిస్తాడు. అప్పటికి ముగ్గురు స్లింగర్లు ఉండాలి. ఆర్చరీ రాగానే బంగారంతో ఆర్చర్లుగా మార్చి, నదికి ఇవతల గుట్టల మీద నిలబెట్టి, వారియర్‌ను వాళ్ళ ముందు ఫోర్టిఫై చేయండి. శత్రువు నది దాటే టర్న్‌లోనే ముగ్గురూ ఒకడినే కొట్టాలి.