కోరపన్నును జరిపే ఫింగర్ స్ప్రింగ్: తీగ మందం, పొడవు, చుట్ట ఎంచుకునే పద్ధతి

మొదటి ప్రీమోలార్‌ను (కోరపన్ను వెనకే ఉండే చిన్న దవడ పన్నును) తీసిన ఖాళీలోకి పై కోరపన్నును తీసిపెట్టుకునే ప్లేటులోని ఫింగర్ స్ప్రింగ్‌తో (ఒక కొన ప్లేటులో బిగిసి, రెండో కొన పన్నును నెట్టే తీగతో) జరపాలనుకున్నప్పుడు, పంటిపై ఎంత బలం పడుతుందన్నది చాలావరకు తీగను వంచకముందే, దాని మందాన్నీ పొడవునూ ఎంచుకున్నప్పుడే తేలిపోతుంది. ఒకే వేరున్న పన్నును వాల్చి జరపడానికి సుమారు 25 నుంచి 40 గ్రాముల బలం సరిపోతుంది. అది బాగా మించితే పంటి చుట్టూ ఉన్న లిగమెంట్‌లో రక్తనాళాలు నొక్కుకుపోయి, కదలిక ఆలస్యమై, నొప్పి పెరుగుతుంది; ప్లేటుకు ఆధారమైన మోలార్లు (వెనక దవడ పళ్ళు) ముందుకు జారి, కోరపన్ను కోసం ఉంచిన చోటును తామే ఆక్రమిస్తాయి.

గుండ్రటి తీగ బిరుసు దాని వ్యాసం నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలోనూ, పొడవు ఘనానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. అందువల్ల 0.5 మి.మీ. స్టీలు తీగకు బదులు 0.7 మి.మీ. తీగ వాడితే బలం దాదాపు 3.8 రెట్లవుతుంది, 20 మి.మీ. ఉండవలసిన స్ప్రింగ్ చేతిని (పన్నును నెట్టే తీగ భాగాన్ని) 15 మి.మీ.కి కుదిస్తే 2.4 రెట్లవుతుంది. అంగిలి వైపు ఫింగర్ స్ప్రింగ్‌కు 0.5 మి.మీ. తీగనే వాడండి, నోటిలో చోటు ఉన్నంత మేర చేతిని పొడవుగా ఉంచండి.

చుట్ట పని ఇక్కడే మొదలవుతుంది. 20 మి.మీ. పొడవున్న నిటారు 0.5 మి.మీ. తీగను కొన వద్ద ఒక మి.మీ. వంచితే, లెక్క ప్రకారం, సుమారు 22 గ్రాముల బలం వస్తుంది. దాని మొదట్లో 3 మి.మీ. లోపలి వ్యాసంతో ఒక చుట్ట వేస్తే మరో 11 మి.మీ. తీగ చేరి, ఆ బలం 8 గ్రాములకు దిగుతుంది. అప్పుడు 3 మి.మీ. యాక్టివేషన్‌తో (అంటే కొనను అంత మేర వంచి పెడితే) సుమారు 25 గ్రాములు వస్తాయి; పన్ను ఒక మి.మీ. జరిగాక కూడా 16 గ్రాములు మిగిలే ఉంటాయి. ఇదే ఆకారాన్ని 0.7 మి.మీ. తీగతో చేస్తే ఒక్క మి.మీ.కే 32 గ్రాములవుతుంది. యాక్టివేషన్‌లో అర మి.మీ. పొరపాటు 16 గ్రాముల తేడా తెస్తుంది, పన్ను ఒక మి.మీ. కదలగానే బలం పూర్తిగా ఆగిపోతుంది. సన్నని తీగ విలువ నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ నెమ్మదిగా తగ్గే బలంలోనే.

చుట్ట కేంద్రాన్ని, పన్ను ఇప్పుడున్న చోటుకూ చేరవలసిన చోటుకూ మధ్య గీసిన రేఖ లంబ సమద్విఖండనరేఖపై ఉంచండి. చుట్ట తీగకు పన్ను ఉన్న వైపు కాక, అవతలి వైపున ఉండాలి. అప్పుడు యాక్టివేషన్‌లో బిగిసి, పన్ను కదిలేకొద్దీ విడివడుతుంది. సన్నని స్ప్రింగ్ సులభంగా వంకర పోతుంది కాబట్టి రక్షణ తీగ తప్పనిసరి. స్వేచ్ఛగా ఉన్న చేతిని చుట్టకు దగ్గరగా వంచండి, ప్లేటు అక్రిలిక్‌లోంచి బయటికి వచ్చే చోట వంచితే తీగ విరిగే ప్రమాదం ఉంది. కొన కోరపన్ను ముందువైపు (పక్కనున్న ముందు పన్ను వైపు) తలాన్ని చిగురుకు దగ్గరగా తాకాలి. ఆపై బలాన్ని గేజ్‌తో కొలిచి చూడండి, కంటి అంచనా చాలదు.

ఒకే బిందువు వద్ద తాకే స్ప్రింగ్ పన్నును వాల్చగలదే తప్ప, వేరుతో సహా సమానంగా జరపలేదు. అటువంటి కదలికకు బలంతో పాటు దానికి దాదాపు 10 మి.మీ. నిష్పత్తిలో మొమెంట్ (పన్నును తిప్పే ప్రభావం) కావాలి, అది పన్నుకు అంటించిన బ్రాకెట్‌లో బిగించిన టీ-లూప్ (T ఆకారంలో వంచిన తీగ) వంటి స్ప్రింగ్‌తో సాధ్యం. కోరపన్ను కిరీటం ముందుకు వాలి ఉన్న కేసులకే ఫింగర్ స్ప్రింగ్‌ను ఎంచుకోండి. నిటారుగా ఉన్నా, ఇప్పటికే వెనక్కి వాలి ఉన్నా స్థిరమైన బ్రేసెస్‌కే వెళ్ళండి.