వాలుగకు గాలాల తాడు ఎలా వేయాలి

కరీంనగర్ పక్కన దిగువ మానేరు జలాశయంలో ఇరవై రెండేళ్లుగా తెప్ప మీద వేటకు వెళ్తున్నాను. మా సంఘంలో కొత్తగా చేరిన పిల్లలు వల పని తొందరగానే పట్టుకుంటున్నారు, గాలాల తాడు జోలికి మాత్రం రావడం లేదు. చిక్కుపడుతుందని భయం. గట్టు మీద ఓపికగా చుట్టుకుంటే చిక్కు పడనే పడదు.

వాలుగ రాత్రి తిరిగే చేప. పొలుసు ఉండదు. నోరు కంటి వెనకదాకా చీలి ఉంటుంది, సన్నటి పళ్లు లోపలికి వాలి ఉంటాయి. దీన్ని మంచినీటి సొర అనడం ఊరికే కాదు.

నేను అరవై బారల నైలాన్ తాడుకు రెండు బారలకొకటి చొప్పున ముప్పై గాలాలు కడతాను. ఒక్కో గాలానికి మూరన్నర పిల్ల తాడు. అంతకన్నా పొడవైతే గాలం పెద్ద తాడుకే చుట్టుకుంటుంది. మొదట్లో పిల్ల తాడు మొత్తం నైలానే వాడేవాణ్ణి. తెల్లవారి చూస్తే కొసలు నమిలేసినట్టు తెగి ఉండేవి. కాకినాడలో సొర వేటకు వెళ్లే ఒక సరంగు ఆ కొసలు చూసి, సముద్రంలో సొరకు తీగ లేకుండా గాలం కట్టనే కట్టం అన్నాడు. అప్పటినుంచి గాలం దగ్గర జానెడు ఉక్కు తీగ కడుతున్నాను.

ఇక చుట్టడం. ఈ పనికి మధ్యాహ్నం గంటసేపు కేటాయించండి. వెదురు తట్ట అంచుకు పాత సైకిల్ ట్యూబు చుట్టి కట్టండి. చివర వదలాల్సిన కొసను ముందుగా తట్ట అడుగున పెట్టి, తాడును వదులుగా చుట్టుకుంటూ రండి. గాలం వచ్చినప్పుడల్లా దాని ముల్లును ట్యూబులో గుచ్చండి, ఒకదాని పక్కన ఒకటి, వరస తప్పకుండా. ఒక్క గాలం వరస తప్పినా నీళ్ల మీద ఆ తాడు మీ మాట వినదు. నాకు ఒకసారి అలాగే జరిగింది. పరుగెత్తే తాడు గాలాన్ని నా బొటనవేలిలో దించింది. పక్కన కత్తి ఉండబట్టి పిల్ల తాడు కోసేసి బయటపడ్డాను. అందుకే తెప్ప మీద కత్తి చేతికందేలా ఉండాలి, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి.

ఎరకు వేలెడంత ఉండే పరకలు, అంటే చిన్న చేపలు, బతికున్నవైతే మేలు. వీపు రెక్క కింద తోలులోంచి మాత్రమే గుచ్చాలి. వెన్నుముల్లు తగిలితే పరక చచ్చిపోతుంది. కదలని ఎరను వాలుగకన్నా ముందు జెల్లలు కొరుక్కుతింటాయి.

ఎక్కడ వేయాలన్నది అసలు విద్య. మానేరులో మోయతుమ్మెద వాగు కలిసే వైపు, నీళ్ల కింద పాత వాగు గట్టు ఇప్పటికీ ఉంది. రాయి కట్టిన తాడుతో నాలుగు చోట్ల లోతు చూడండి. రెండు బారలున్న లోతు ఉన్నట్టుండి నాలుగు బారలైతే అదే గట్టు. దాని వెంటే తాడు పరచాలి. పొద్దు గుంకే ముందు రాయి, ఖాళీ డబ్బా కట్టిన కొసను వదిలి, గాలి వాటానికి తెప్పను పోనివ్వండి. ఒకరు తెడ్డు పట్టాలి, ఒకరు ఎర గుచ్చి వదలాలి.

తెల్లవారుజామున ఎత్తేటప్పుడు గాలి పోయే వైపు కొస నుంచి మొదలుపెట్టి గాలికి ఎదురు రండి. అప్పుడు తెప్ప తాడు మీదికి ఎక్కదు. అరచేతిలో తాడు టకటక కొట్టుకుంటే జెల్ల. దాని రెక్కల ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుంది, గుడ్డతో పట్టుకోండి. బరువుగా, నిదానంగా పక్కకు లాగితే వాలుగ. తాడుతో పైకెత్తకండి, పెదవి చిరిగి పోతుంది. తల వైపునుంచి చేతివల కిందికి పెట్టి ఎత్తండి. గాలం తీయడానికి పట్టకారు వాడండి, నోట్లో వేలు పెట్టవద్దు.

వానలు పడగానే వాలుగ గుడ్లు పెడుతుంది. కడుపు ఉబ్బిన ఆడ వాలుగ దొరికితే తీగ కోసి వదిలేస్తాను. నా చిన్నప్పుడు దొరికినన్ని వాలుగలు ఇప్పుడు లేవు. తొలి వరద వచ్చిన రోజే నా తట్ట అటక ఎక్కుతుంది, దసరా దాకా దిగదు.