వెలిగే రాళ్లు – 3వ పాఠం: గ్లో కర్వ్ చదవడం

పోయిన పాఠం గుర్తుంది కదా. మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం విడిచే రేడియేషన్‌కి స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చెదిరి, కొన్ని అక్కడి లోపాల్లో చిక్కుకుంటాయి. వేడిచేస్తే బయటపడి వెలుగునిస్తాయి. కాలం గడిచేకొద్దీ ఎక్కువ చిక్కుకుంటాయి కాబట్టి, ఆ వెలుగుతో వయసు లెక్కగట్టొచ్చు. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ఆ వెలుగు పెట్టి గీస్తే గ్లో కర్వ్.

ముందు పలుగురాయి గ్రాఫు చూద్దాం. ల్యాబ్‌లో అప్పుడే రేడియేషన్ ఇచ్చిన రేణువుల్లో 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక శిఖరం లేస్తుంది. నేలలోంచి తీసిన రేణువుల్లో అది ఉండదు. అక్కడ చిక్కిన ఎలక్ట్రాన్లు గది వేడికే కొన్ని గంటల్లో జారుకుంటాయి మరి. ఎవరైనా పాతదని తెచ్చిన నమూనాలో ఈ శిఖరం కనిపిస్తే, దానికి ఈమధ్యే రేడియేషన్ తగిలిందన్నమాట. వయసు లెక్కకి 325, 375 డిగ్రీల శిఖరాలు చూడాలి. 400 దాటాక జాగ్రత్త: వేడికి ఏ వస్తువైనా వెలుగుతుంది. అదే నమూనాను రెండోసారి వేడిచేసి, అప్పుడొచ్చిన వెలుగును మొదటి దాంట్లోంచి తీసేయండి. కొత్తవాళ్లు ఎగ్గొట్టేది ఈ పనే.

ఇక లెక్క. ఒక కుండపెంకు అనుకుందాం. కుండను కాల్చినప్పుడే పాత ఎలక్ట్రాన్లన్నీ ఖాళీ, లెక్క సున్నా నుంచి మొదలు. పెంకు రేణువుల వెలుగు 600. అవే రేణువుల్లో వేరే భాగానికి 3 గ్రేల (గ్రే అంటే వస్తువు పీల్చుకున్న రేడియేషన్‌కి కొలత) రేడియేషన్ అదనంగా ఇస్తే 900, 6 గ్రేలు ఇస్తే 1200. అంటే గ్రేకి 100 చొప్పున. కాబట్టి 600 వెలుగుకి 6 గ్రేలు. ఈ 100 అనే అంకె రాయి రాయికీ మారుతుంది, ఎక్కణ్ణుంచో తెచ్చి వాడకూడదు. ఏడాదికి 4 మిల్లీగ్రేలు (మిల్లీగ్రే అంటే గ్రేలో వెయ్యో వంతు) అందుతుంటే వయసు 1500 ఏళ్లు.

మట్టిని కాల్చకపోయినా, ఎండ తగిలితే లెక్క చెరిగిపోతుంది. అప్పుడు వేడికి బదులు కాంతితో ఎలక్ట్రాన్లను విడిపిస్తారు. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొరకి కింద మట్టి 77 వేల ఏళ్లది, పైది 74 వేల ఏళ్లదని 2007లో తేల్చింది అలాగే. అటూ ఇటూ ఆరేడు వేల ఏళ్ల తేడా ఉండొచ్చన్నారు. కాబట్టి ఆ రెండు అంకెలతోనే ఏది ముందో చెప్పలేం. నడుమ బూడిద పొర ఉండటమే గట్టి సాక్ష్యం.

అభ్యాసం: మన పెంకు దొరికిన నేల తడిది. నీళ్లు కొంత రేడియేషన్‌ను మింగేయడంతో పెంకుకి అందింది ఏడాదికి 3 మిల్లీగ్రేలే. వయసు ఎంత? పెరిగిందా, తగ్గిందా? ఎందుకో ఒక్క వాక్యంలో రాసి ఉంచుకోండి, 4వ పాఠం అక్కణ్ణుంచే.