వేసవిలో మంచు మీదికి: పారడైజ్ నుంచి క్యాంప్ మ్యూర్ దాకా ఇద్దరి ఒకరోజు నడక

సియాటిల్ వైపు ఉండే తెలుగువాళ్లకు మౌంట్ రేనియర్ కిటికీలోంచి కనిపించే కొండ. 14,410 అడుగుల శిఖరానికి తాళ్లు, శిక్షణ, పర్మిట్ అన్నీ కావాలి. దక్షిణం వైపు సుమారు 10,100 అడుగుల ఎత్తున, శిఖరం ఎక్కేవాళ్లు మధ్యలో ఆగే క్యాంప్ మ్యూర్ దాకా అయితే ఓపిక, తగిన సామాను ఉన్న భార్యాభర్తలు ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. పగటిపూట వెళ్లి వచ్చేవాళ్లకు క్లైంబింగ్ పర్మిట్ అక్కర్లేదు. కానీ తాడు లేకుండా వెళ్లొచ్చు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఇక్కడ మనుషులు ఎక్కలేక కష్టపడేదానికన్నా దిగేటప్పుడు మబ్బులో దారి తప్పడమే ప్రమాదకరం.

జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా వెళ్లడం మేలు. జూన్‌లో నడక మొదలయ్యే పారడైజ్ నుంచే మంచు ఉంటుంది, కింది దారి కూడా కనపడదు. ఆగస్టు చివరికి పైన మంచు కరిగి గట్టి ఐస్ తేలుతుంది, పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. బయల్దేరే రోజు పొద్దున పారడైజ్‌లో రేంజర్లను మంచు ఎలా ఉందో, మబ్బు పట్టే సూచన ఉందో లేదో అడగండి. శిఖరం మీద టోపీ పెట్టినట్టు మబ్బు కూర్చుంటే వాతావరణం మారబోతోందని తరచూ అర్థం. ఆ రోజు కింది పూల మైదానాల్లో తిరగండి, అవీ చూడదగ్గవే.

వారాంతాల్లో పారడైజ్ పార్కింగ్ త్వరగా నిండిపోతుంది, కాబట్టి ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టాలి. పారడైజ్ 5,400 అడుగుల్లో ఉంది. స్కైలైన్ ట్రయిల్ మీద పనోరమా పాయింట్ దాటి, సుమారు 7,200 అడుగుల దగ్గర పెబుల్ క్రీక్ చేరతారు. ఇక్కడిదాకా 1,800 అడుగుల ఎక్కుడు. ఆ పైన దారంటూ ఉండదు. మ్యూర్ స్నోఫీల్డ్ అనే మంచు వాలు మీద 2.2 మైళ్లలో 2,800 అడుగులు పైకి. గంటకు వెయ్యి అడుగులు ఎక్కగలిగితే మామూలు వేగమే. పెబుల్ క్రీక్‌కే మూడు గంటలు దాటిందా, మ్యూర్ ఆ రోజుకు కాదు. ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ఇంటి దగ్గరే మాట అనుకోండి. పైకెళ్లాక ‘ఇంకో పది నిమిషాలే’ అని ఒకరు బతిమాలితే, రెండోవాళ్లు కాదనలేకపోతారు.

సామాను విషయంలో జంటలు చేసే తప్పు ఒకటుంది: నీళ్లన్నీ ఆయన బ్యాగులో, తిండంతా ఆవిడ బ్యాగులో. ఇద్దరూ విడిపోతే ఇద్దరికీ సగమే మిగులుతుంది. ఎవరి బ్యాగులో వాళ్లకు మూడు లీటర్ల నీళ్లు, వాన ఆపే జాకెట్, బొద్దుగా ఉండే వెచ్చని జాకెట్, హెడ్‌ల్యాంప్, గ్లవ్స్, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసిన మ్యాప్, ఒక పూట అదనపు తిండి ఉండాలి. ఫస్ట్ ఎయిడ్ కిట్ మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటి చాలు. పైన తాగునీళ్ల కుళాయి లేదు. పులిహోర, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు బాగా పనికొస్తాయి. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకోసారి కొంచెం తినాలి. జీన్స్, కాటన్ బనీను వద్దు. తడిస్తే ఆరవు, చలి ఎముకలకు పడుతుంది.

మంచు ఎండను కిందినుంచి మీదకు తిప్పి కొడుతుంది. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద, చెవుల వెనక కూడా రాసి రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పక్కలు మూసిన నల్ల కళ్లద్దాలు లేకపోతే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది.

పొద్దున మంచు గట్టిగా ఉంటే మైక్రోస్పైక్స్ (బూట్లకు తొడిగే చిన్న ఇనుప పళ్లు) వేసుకోండి. బూటు మొనతో తన్ని గుంట చేసి, వెనక మోకాలు బిగించి ఒక్క క్షణం ఆగి, తర్వాతి అడుగు వేయండి. ముందున్నవారి అడుగుల్లోనే వెనకవారు నడవాలి. నెమ్మదైనవారు ముందుండాలి, అప్పుడే ఇద్దరి మధ్య దూరం పెరగదు. రాళ్ల అంచున, వాగు వినిపించే చోట మంచు లోపల బోలుగా ఉంటుంది. అలాంటి చోట్లకు దూరంగా జరిగి నడవండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే ఎత్తు పడట్లేదన్నమాట. మాత్ర వేసుకుని పైకెళ్లొద్దు, దిగిపోండి.

దిగేటప్పుడు మడమ గుచ్చుతూ అడుగులు వేయాలి. కూర్చుని జారాలనిపిస్తే ముందు స్పైక్స్ విప్పండి. స్పైక్స్ పన్ను మంచులో పట్టుకుంటే చీలమండ విరుగుతుంది. కింద ఎక్కడ ఆగుతారో కనిపించని చోట జారొద్దు.

మబ్బు కమ్మితే నేలా ఆకాశం ఒకే తెలుపైపోతాయి. ఒక పక్క నిస్క్వల్లి, ఒక పక్క పారడైజ్ హిమానీనదాలు, రెంటిలోనూ పగుళ్లు. ముందువాళ్ల అడుగుజాడలు నమ్మొద్దు, వాళ్లు దారి తప్పి ఉండొచ్చు. పైకెళ్లేటప్పుడే ఇద్దరి ఫోన్లలోనూ నడిచిన దారిని మ్యాప్ మీద గీతగా రికార్డు చేసి, ఫోన్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. ఆ గీత మీదే వెనక్కి నడవండి. మ్యూర్ దగ్గరే మబ్బు పడితే అక్కడి రాతి షెల్టర్‌లో ఆగిపోండి. అదనపు తిండి, వెచ్చని జాకెట్ మోసుకెళ్లమన్నది అందుకే.