రైఫిల్ గొట్టం ఎంత పొడవుండాలి: జీడితోటకు ఒక లెక్క, చెరుకు గట్టుకు ఒక లెక్క

ఉద్దానం జీడితోటల్లో భుజాన రైఫిల్ తగిలించుకొని నడిచినవారికి ఒక సంగతి మొదటి పది నిమిషాల్లోనే తెలిసివస్తుంది. జీడికొమ్మలు నడుమెత్తు నుంచే నేలవైపు వాలి ఉంటాయి కనుక, తల మీదుగా పైకి పొడుచుకువచ్చిన గొట్టం అడుగడుక్కీ వాటికి తగులుతుంది. అదే మనిషి బొబ్బిలి వైపు చెరుకు చేను గట్టున మంచె మీద కూర్చుంటే ఆ గొట్టం అతనికి ఏ ఇబ్బందీ కలిగించదు. అందువల్ల పొడవు నిర్ణయించే ముందు తుపాకీని ఎక్కడ మోస్తారో, ఎంత దూరానికి పేలుస్తారో తేల్చుకోవాలి.

ఇక్కడ చట్టం సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేటకు తావు లేదు. పంటను నాశనం చేసే అడవిపంది విషయంలో కూడా చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ, అధికారం పొందిన అధికారి గానీ కారణాలు చూపి లిఖితపూర్వకంగా అనుమతించినప్పుడే రైతు తుపాకీ ఎత్తవచ్చు. ఉద్దానంలో తిరిగే ఎలుగులూ, ఒడిశా నుంచి దిగివచ్చే ఏనుగులూ ఆ చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక వాటి మాట ఈ వ్యాసంలో లేనే లేదు. నేను రాస్తున్నది లైసెన్సు, అనుమతి రెండూ ఉన్న రైతుల కోసం, రేంజిలో గురి సాధన చేసేవారి కోసం.

ఎంపికలో తొందరపడకూడదని చెప్పడానికి కారణం కూడా చట్టమే. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారు రెండుకు మించి తుపాకులు ఉంచుకోకూడదు. కాబట్టి తోటకు ఒకటి, గట్టుకు ఒకటి, రేంజికి ఒకటి అనే వీలు లేదు. పోనీ, పొడవుగా ఉన్నదాన్ని కొని తర్వాత కోయించుకుందామంటే, ప్రత్యేక లైసెన్సు లేకుండా గొట్టాన్ని కురచ చేయడం 1959 నాటి ఆయుధ చట్టం ఆరో సెక్షన్ కింద నేరం.

గొట్టం పొడవు వల్ల నిజంగా మారేది తూటా వేగం. మందు మండి పుట్టిన వాయువు గొట్టంలో ఉన్నంతసేపూ తూటాను ముందుకు నెడుతూనే ఉంటుంది కనుక, గొట్టం పొడవైతే ఆ తోపుడు ఇంకొంచెం సేపు అందుతుంది. అయితే ఈ లాభం అంగుళం అంగుళానికీ తరిగిపోతుంది. .30-06 వంటి పెద్ద రైఫిల్ తూటాకు గొట్టం ఒక అంగుళం తగ్గితే సెకనుకు సుమారు 20 నుంచి 25 అడుగుల వేగం తగ్గుతుంది. అంటే 24 అంగుళాల గొట్టం నుంచి సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్లే తూటా 20 అంగుళాల గొట్టం నుంచి సుమారు 2,600 అడుగుల వేగంతో వెళ్తుంది. చేను గట్టు నుంచి వంద మీటర్ల లోపు దూరానికి ఆ తేడా లెక్కలోకి రాదు. మందు తక్కువగా ఉండే .22 తూటా 16 నుంచి 19 అంగుళాల లోపే తన పూర్తి వేగాన్ని అందుకుంటుంది. అంతకు మించిన పొడవు దానికి బరువు తప్ప వేగం ఇవ్వదు. మందు దట్టించిన మాగ్నమ్ తూటాలకు మాత్రం 24, 26 అంగుళాలు ఉంటేనే ఆ మందు వృథా కాదు, కానీ అటువంటి తుపాకీతో మన చేలల్లో పని ఏముంటుంది?

పొడవు పెరిగితే గురి పెరుగుతుందన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. అది సగమే నిజం. కంటిగురితో, అంటే టెలిస్కోపు లేకుండా, పేల్చేవారికి గొట్టం మీది వెనుక గురికీ గొట్టం చివర నిలబెట్టిన ముందు గురికీ మధ్య దూరం ముఖ్యం. ఆ దూరం 500 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ముందు గురి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే వంద మీటర్ల దగ్గర దెబ్బ 200 మిల్లీమీటర్లు తప్పుతుంది. 600 ఉంటే తప్పు సుమారు 167 మిల్లీమీటర్లే. టెలిస్కోపు బిగించిన తుపాకీకి ఈ లెక్క వర్తించదు. పైగా ఒకే మందం గల గొట్టాల్లో పొడవైనదే ఎక్కువగా వంగుతుంది, కదులుతుంది. పొడవు 20 నుంచి 26 అంగుళాలకు పెరిగితే, మొన దగ్గర ఒకే బరువు వేలాడదీసినప్పుడు వంపు రెండు రెట్లకు పైగా అవుతుంది. 1904 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం 30.2 అంగుళాల గొట్టాన్ని 25.2 అంగుళాలకు తగ్గించి కాల్బలానికీ అశ్వదళానికీ ఒకే రైఫిల్ ఇచ్చినప్పుడు, గురి చెడుతుందని ఆనాడు చాలామంది ఆక్షేపించారు. ఆ రైఫిల్ రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ నిలబడింది, ఇషాపూర్ కర్మాగారంలో కూడా తయారైంది.

కురచతనానికీ ఒక హద్దు ఉంది. అదే సైన్యం 1944లో సుమారు 18.7 అంగుళాల గొట్టంతో అడవుల కోసం తెచ్చిన రైఫిల్‌కు మంట, చప్పుడు, భుజానికి తగిలే దెబ్బ ఎక్కువని పేరుపడింది. వేకువజామున మంచె మీద నుంచి పేల్చే మనిషికి ఆ మంట కళ్ల ముందు మెరిస్తే, కాసేపటి వరకు చేను కనబడదు. చెవులకు రక్షణ ఏ పొడవుకైనా అవసరమే.

ఇక మీకు సరిపడే కొలతను కొట్లో అడగకుండా తోటలోనే తేల్చుకోవచ్చు. బోల్టు రైఫిల్ (చేత్తో బోల్టును వెనక్కి లాగి, ముందుకు తోసి తూటా ఎక్కించేది) మొత్తం పొడవు గొట్టం కన్నా సుమారు 20 అంగుళాలు ఎక్కువ ఉంటుంది. అందుచేత 40, 42, 44 అంగుళాల చొప్పున మూడు వెదురు కర్రలు కోయించి, నడుమ మూడున్నర కిలోల ఇసుక మూట కట్టి, వాటిని ఒక్కొక్కటిగా భుజాన వేసుకొని జీడిచెట్ల కింద పావుగంట నడవండి, తర్వాత మంచె నిచ్చెన ఎక్కి చూడండి. నేను ఇలా నడిచినప్పుడు 44 అంగుళాల కర్ర చివర జీడి ఆకులూ సాలీడు గూళ్లూ చుట్టుకొని వచ్చాయి. 40 అంగుళాలది శుభ్రంగా బయటపడింది. తోటల మధ్య తిరిగేవారికి 20 నుంచి 22 అంగుళాల గొట్టం, గట్టు మీదో మంచె మీదో కదలకుండా కూర్చొని కంటిగురితో పేల్చేవారికి 24 అంగుళాలది సరైనదని నా అభిప్రాయం. రెండు పనులూ ఉన్నవారు 22 దగ్గర ఆగడం మేలు.

పాత రైఫిల్ కొనేటప్పుడు గొట్టాన్ని తప్పకుండా కొలవండి. లోపల తూటా లేదని కంటితోనూ వేలితోనూ రూఢి చేసుకొని, బోల్టు మూసి, శుభ్రం చేసే కడ్డీని మొన వైపు నుంచి బోల్టు ముఖానికి ఆనేదాకా నెమ్మదిగా దించి, మొన దగ్గర కడ్డీ మీద గుర్తు పెట్టి, బయటికి తీసి టేపుతో కొలిస్తే అదే గొట్టం అసలు పొడవు. మొన అంచు గుండ్రంగా, నునుపుగా లేకుండా ఆకురాయి గీతలు కనిపించినా, ముందు గురిని ఊడదీసి మళ్లీ అతికించిన జాడ ఉన్నా, ఎవరో దాన్ని కోసి ఉంటారని అనుమానించాలి. అటువంటిది ఎంత చవకగా వచ్చినా వద్దు. మంచిదని తేలితే ఆ కొలతనూ, తుపాకీ నంబరునూ కాగితాలతో సరిచూసుకున్న తర్వాతే బిల్లు రాయించండి.