మేత ముట్టని కోడిపెట్టకు ఏమైందో కనుక్కోవడం ఎలా?

ఊళ్లో పెరటి కోడి మన్ను గీరి తనకు కావలసిన చిన్న రాళ్లు తానే ఏరుకుంటుంది. బెంగళూరులో మనం పెంచేది ఎక్కువగా మేడ మీద, సిమెంటు నేల మీద. అక్కడ రాయీ లేదు, మన్నూ లేదు. రాళ్లు లేకపోతే మింగిన మేత సరిగా నలగదు. అందుకే ఇక్కడ నాలుగైదు నెలల పెట్ట, ఇంకా గుడ్డుకు రానిది, మేత మానేసి ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటే నేను ముందు రోగాన్ని కాదు, మేత సంచిని, అంటే మింగిన మేత ముందుగా నిలిచే మెడ కింది తిత్తిని అనుమానిస్తాను. కోడి జబ్బును దాచుకుంటుంది. మన కంట పడేసరికే ఆలస్యమై ఉంటుంది, రేపు చూద్దాంలే అనుకోకండి.

ముందు వేరు చేయండి

అట్టపెట్టెలో పాత పేపరు పరిచి, గాలి కొట్టని చోట పెట్టండి. పేపరు మీద రెట్ట స్పష్టంగా కనిపిస్తుంది. డిసెంబరు చలిలో అయితే పెట్టెకు ఒక పక్కన బల్బు వెలిగించండి, వేడెక్కితే రెండో పక్కకు జరుగుతుంది. వంటింటి కాటా మీద తూచి బరువు రాసుకోండి. రోజూ అదే వేళకు తూచండి.

మేత సంచి తడమండి

మెడ అడుగున, రొమ్ముకు కాస్త కుడిపక్కన ఉంటుంది. సాయంత్రం నిండుగా ఉండాలి, తెల్లవారి మేత వేయకముందు ఖాళీగా ఉండాలి. మా అమ్మ ఊళ్లో రాత్రి కోళ్లను గంప కింద మూసేటప్పుడు ఒక్కోదాని పొట్ట తడిమేది. అదెందుకో నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. మా పెట్ట ఒకటి మూడు రోజులు ముడుచుకుని కూర్చుంటే చలికేమో అనుకున్నాను. తడిమితే నిమ్మకాయంత గట్టి ముద్ద తగిలింది, గోనెపట్టా పోగులు మింగింది. కొబ్బరి పీచు, పొడుగు గడ్డి, థర్మోకోల్ ముక్కలు కూడా ఇలాగే అడ్డం పడతాయి.

ఉదయానికీ గట్టిగా ఉంటే మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టండి. ముక్కు అంచున రెండు మూడు చుక్కల వంటనూనె వేసి, అది మింగాక సంచిని మెల్లగా పిసకండి. రోజుకు నాలుగైదుసార్లు చేయాలి. ఒక రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి, కోసి తీయవలసి రావచ్చు. నీళ్ల బుడగలా మెత్తగా ఉండి నోరు పులిసిన వాసన వేస్తుంటే అది శిలీంధ్రం పట్టిన సంచి కావచ్చు, దానికి మందు డాక్టరే ఇవ్వాలి. తలకిందులుగా పట్టి కక్కించకండి. ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే పెట్ట దక్కదు.

సంచి రోజంతా ఖాళీగానే ఉంటే పెట్ట అసలు తినడం లేదన్నమాట. అప్పుడు రెట్ట చూడాలి.

రెట్ట చూడండి

గోధుమరంగు ముద్ద, దాని మీద తెల్ల టోపీ: ఇది మంచి రెట్ట. రోజులో కొన్నిసార్లు జిగటగా, కంపుగా పడేదీ మామూలే. రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్‌ను, అంటే పేగులకు పట్టే పరాన్నజీవి జబ్బును అనుమానించాలి. వానాకాలంలో గూట్లో ఊక తడిసి ముద్దయితే ఇది తొందరగా అంటుకుంటుంది. దానికి ఆంప్రోలియం అనే మందు ప్యాకెట్ మీది మోతాదులో నీళ్లలో కలిపి 5 నుంచి 7 రోజులు ఇస్తారు. ఆ రోజుల్లో బి-విటమిన్ టానిక్ ఆపేయండి. పరాన్నజీవికి థయమిన్ (బి1 విటమిన్) అందకుండా చేయడమే ఆ మందు పని. తడి ఊక మార్చకపోతే మందు ఇచ్చినా జబ్బు తిరగబెడుతుంది.

ఆకుపచ్చ రెట్ట చూడగానే కొక్కెర తెగులని (రాణీఖేత్) బెంబేలు పడొద్దు. కడుపు ఖాళీగా ఉన్నా పైత్యరసం ఆకుపచ్చగానే పడుతుంది. దానితోపాటు మెడ మెలిపడటం, నోరు తెరిచి ఆయాసపడటం ఉంటే మాత్రం గంట కూడా ఆగకండి.

తల నుంచి కాళ్ల దాకా

తురాయి మీద పొక్కులుంటే మశూచి, అది దోమల వల్ల కూడా వస్తుంది. నోట్లో పసుపు పొర కడితే మింగలేదు. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాచి పడిపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు, దానికి చికిత్స లేదు. తోక కింద ఈకలు విప్పి పేలున్నాయేమో చూడండి. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలితే చాలా రోజులుగా చిక్కిపోతోందని అర్థం.

ఏం పెడుతున్నారు?

నూకలూ మిగిలిన అన్నమే పెడితే ఎదిగే పెట్టకు మాంసకృత్తులు చాలవు. ఎదిగే కోళ్లకు అమ్మే గ్రోవర్ మేతలో అవి 16 శాతం దాకా ఉంటాయి, బియ్యంలో అందులో సగమైనా ఉండవు. అలాగని గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ మేత వేయకండి. అందులో 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది, గుడ్డుకు రాని పెట్ట మూత్రపిండాలు దాన్ని తట్టుకోలేవు. గింజలు వేస్తే గిన్నెలో కడిగిన చిన్న గులకరాళ్లు పెట్టండి, కందనకాయ నూరేది వాటితోనే. బూజు వాసన వేసే మొక్కజొన్న పారేయండి, ఆ విషం కాలేయాన్ని తింటుంది.

నీరసించిన పెట్ట నోట్లో నీళ్లు పోయకండి, నాలుక వెనకే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది. ముక్కు అంచున చుక్కచుక్కగా తాకిస్తే తానే మింగుతుంది. సంచి బాగుంటే ఉడికించిన పచ్చసొన, తడిపిన మేత కొద్దికొద్దిగా పెట్టండి.

డాక్టరు దగ్గరకు

రెండో రోజుకీ బరువు తగ్గుతుంటే హెబ్బాళలోని పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. గిరిరాజ అనే పెరటి కోడి జాతిని తయారుచేసింది వాళ్లే. పేపరు మీది తాజా రెట్ట కొంచెం డబ్బీలో పట్టుకెళ్లండి. ఉన్నట్టుండి రెండు మూడు కోళ్లు చనిపోయినా, తురాయి నీలంగా మారి తల వాచినా బర్డ్ ఫ్లూ కావచ్చు. ఒట్టి చేతులతో ముట్టుకోకుండా, కోయకుండా, ముందు పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి.