పెదాలొక దారి, మాటొక దారి: ఫోన్‌తో తీసిన ఫ్యాన్ ఫిల్మ్‌లో లిప్ సింక్ తప్పుతుంటే

హీరో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు నాకు ఫోన్లు మొదలవుతాయి. అమలాపురం, రాజోలు, భీమవరం, ఎక్కడి కుర్రాళ్ళైనా ఒకటే మాట: "అన్నా, ఎడిటింగ్ అయిపోయింది, మాటా పెదాలూ కలవట్లేదు. డబ్బింగ్ ఎక్కడ చెప్పిద్దాం?" ఎక్కడా చెప్పించొద్దు. రికార్డ్ చేసిన మాట బాగానే ఉంటుంది. తేడా వేరేచోట ఉంటుంది.

ఒక ఫోన్‌తో వీడియో తీశారు, ఇంకో ఫోన్‌కి కాలర్ మైకు పెట్టి మాట రికార్డ్ చేశారు, షాట్ మొదట్లో చప్పట్లు కొట్టారు, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు చూసి రెండూ కలిపారు. ఇక్కడిదాకా మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందు చెవిలోది తీయండి

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని సింక్ చూడకండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ తేడాను సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. "ఆయ్, వైరుతోనే చూశామండి" అంటారు. వెళ్ళి చూస్తే మెడలో బ్లూటూత్ నెక్‌బ్యాండ్ వేలాడుతుంటుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్ గానీ, సిస్టమ్ స్పీకర్ గానీ పెట్టి ఒకసారి చూడండి. చాలామంది టెన్షన్ ఇక్కడితో తీరిపోతుంది.

రెండోది, క్లిప్పులు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపించుకున్నారా? అయితే మీరు ఎడిట్ చేస్తున్నది అసలు ఫైలు కాదు, వాట్సాప్ నలిపి మళ్ళీ తయారుచేసిన ఫైలు. కేబుల్‌తో ఎక్కించుకోండి, లేదంటే డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

ఎలా తప్పుతోందో గమనించండి

మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే చప్పట్లు సరిగ్గా కలపలేదన్నమాట. రెండు ఫ్రేములు (వీడియోలోని విడివిడి బొమ్మలు) ఇటో అటో జరపండి, అయిపోతుంది.

మొదట బాగుండి, పోనుపోను తేడా పెరుగుతుంటే, లేదా మొదలూ చివరా సరిపోయి మధ్యలో మాత్రం ఘోరంగా ఉంటే, అది వేరే కథ. నన్ను ముంచింది ఈ రెండో రకం.

వేరియబుల్ ఫ్రేమ్ రేట్

లొల్ల లాకుల దగ్గర సాయంత్రం ఒక సీను తీశాం. హీరో గెటప్‌లో మా తమ్ముడు గట్టు మీద నిలబడి నాలుగు నిమిషాల డైలాగు ఒకే టేకులో చెప్పాడు. క్లాప్ బోర్డుకి డబ్బుల్లేక పరీక్షల అట్టనే టపీమని కొట్టాం. మొదలుపెట్టినప్పుడు కొబ్బరాకుల మీద ఎండ ఉంది, "కట్" అనేసరికి లైటు పడిపోయింది. ఇంటికొచ్చి కలిపి చూస్తే మొదటి మాట సరిగ్గా ఉంది. నిమిషం దాటేసరికి "ఏరా" అన్న మాట ముందు వినిపిస్తోంది, నోరు తర్వాత తెరుచుకుంటోంది. చివరి మాటకు వచ్చేసరికి మళ్ళీ రెండూ కలిసిపోయాయి. రికార్డింగ్ ఫోన్‌ని తిట్టుకుని, రాత్రంతా తమ్ముణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ డబ్బింగ్ చెప్పించాను. తెల్లారేసరికి వాడి గొంతు పోయింది. తప్పు మాటలో లేదు, బొమ్మలో ఉంది.

జరిగేది ఇదీ. 30 అని పెట్టినంత మాత్రాన చాలా ఫోన్లు సెకనుకి కచ్చితంగా 30 ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు కావాలి కాబట్టి ఫ్రేముల సంఖ్య తగ్గించేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను కాలిపోతున్నా కొన్ని ఫ్రేములు రాలిపోతాయి. గ్యాలరీలో చూస్తే తేడా తెలియదు, ఎందుకంటే ఏ ఫ్రేము ఎప్పుడు చూపించాలో ఫైల్లోనే రాసి ఉంటుంది, ప్లేయర్ దాన్ని పాటిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని పాటించవు. మొత్తం మీద సగటు తీసి, ఫ్రేములన్నీ సమానంగా పరిచేస్తాయి.

లెక్క చూడండి. మొదటి 2 నిమిషాలు 30 చొప్పున 3600 ఫ్రేములు, తర్వాతి 2 నిమిషాలు 28 చొప్పున 3360. మొత్తం 6960, సగటు 29. ఆ 3600 ఫ్రేములూ 29 చొప్పున నడిస్తే 120 సెకన్లకు బదులు 124 సెకన్లు పడుతుంది. అంటే సగానికి వచ్చేసరికి బొమ్మ 4 సెకన్లు వెనకపడుతుంది, చివరికి మళ్ళీ అందుకుంటుంది. అందుకే ఆడియోను సాగదీసినా, కుదించినా లాభం లేదు. ఒకచోట కలిస్తే ఇంకోచోట విడిపోతుంది.

నిర్ధారించుకోవడం ఒక్క నిమిషం పని. కాలర్ మైకు ఆడియోను మ్యూట్ చేసి, వీడియోతో పాటు ఫోన్ రికార్డ్ చేసుకున్న సొంత శబ్దాన్నే ఎడిటింగ్‌లో వినండి. అది కూడా పెదాలకు తప్పుతూ, ఫోన్ గ్యాలరీలో మాత్రం బాగుంటే దొంగ దొరికినట్టే. ఇంకా అనుమానముంటే మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, వ్యూని టెక్స్ట్‌కి మార్చి, ఫ్రేమ్ రేట్ మోడ్ చూడండి. వేరియబుల్, అంటే ఫ్రేముల వేగం మారుతూ ఉందని ఉంటుంది. నేను ఆ రాత్రి డబ్బింగ్‌కి ముందు ఇదొక్కటి చూసుంటే సరిపోయేది.

మందు

హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. క్లిప్పు అందులో వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 30 పెట్టి, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (మారకుండా ఒకే వేగం) ఎంచుకోండి. దాన్ని వదిలేసి 30 ఒక్కటే పెట్టి "మారలేదన్నా" అని ఫోన్ చేసేవాళ్ళు చాలామంది. క్వాలిటీ ఆర్ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది) 18 దగ్గర ఉంచితే బొమ్మ పాడవదు, ఫైలు మాత్రం పెద్దదవుతుంది. అసలు ఫైళ్ళు చెరపకండి.

ఈ పని ఎడిటింగ్‌కి ముందే చేయాలి. ఎడిటింగ్ అయ్యాక క్లిప్పులు మార్చితే కట్లు కాస్త జరుగుతాయి, ప్రతి కట్టూ మళ్ళీ చూసుకోవాలి. అయినా మొత్తం డబ్బింగ్ కంటే అది తేలిక.

వచ్చేసారికి షూటింగ్‌లోనే జాగ్రత్త పడండి. ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగుల్లో ఆటో ఎఫ్‌పీఎస్ (వెలుతురుని బట్టి ఫ్రేముల సంఖ్య మార్చేది) ఆపేయండి. లేదా బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోండి. ఐఫోన్‌కీ, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫ్రేమ్ రేటు, షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం) రెండూ లాక్ చేయొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద 25 ఫ్రేములు, 1/50 షటర్ పెడితే లైట్లు మిణుకుమిణుకుమనవు. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌లో కూడా 30 బదులు 25 పెట్టండి. లాక్ చేసినా నేనైతే అన్ని క్లిప్పులనూ మార్చే ఎడిటింగ్‌లో వేస్తాను. షాట్ల మధ్య ఫోన్‌ని గట్టు మీద ఎండలో పెట్టకుండా, కవరు తీసి గొడుగు కిందికి చేర్చండి.

మిగతావి

గొంతు సన్నగా గానీ బొంగురుగా గానీ మారి, మాట పరిగెత్తినట్టో ఈడ్చినట్టో ఉంటే ఆడియో శాంపిల్ రేటులో (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 44.1కీ 48 కిలోహెర్ట్జ్‌కీ మధ్య ఎక్కడో తేడా పడింది. ఆడియోను 48కి మార్చుకోండి. అరగంట టేకులు తీస్తే రెండు ఫోన్ల గడియారాలు కాస్త విడిపోతాయి గానీ, ఫ్యాన్ ఫిల్మ్‌లో అరగంట టేకు ఎవరు తీస్తారు?

రొయ్యల చెరువుల ఏరేటర్ల మోత సింక్ సమస్య కాదు, చోటు మార్చుకోండి. కాలవ అవతలి గట్టు మీద కెమెరా పెడితే కెమెరా మైకుకి శబ్దం ఆలస్యంగా అందుతుంది. 40 మీటర్లకి సుమారు 3 ఫ్రేములు. అంత దూరం నుంచి పెదాలు ఎవరికీ కనపడవు, వదిలేయండి.